అంతరిక్షంలో నలభై ఒక్క శాలువాలు

చూడామణిని చూసినవాళ్ళు తక్కువ. విననివాళ్ళు మాత్రం అసలు లేరు.

ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ సినిమాలకి డబ్బింగ్ చెబుతోంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి, తెలుగులో "అన్నం" అనడం కూడా చేతకాని హీరోయిన్లందరూ తెరమీద ఆవిడ గొంతుతోనే ప్రేమించారు, అలిగారు, పెళ్ళిపీటల మీంచి లేచి పరిగెత్తారు. ముప్ఫై నాలుగు సినిమాల్లో ఆవిడ చచ్చిపోయింది కూడా. అయినా రైతుబజారుకి వెళ్ళి, "బెండకాయలు లేతగా ఉన్నాయా బాబూ?" అని అడిగితే కొట్టువాడు ఉలిక్కిపడి, హీరోయిన్ ఎక్కడుందా అని ఆవిడ భుజం మీంచి వెనక్కి చూసేవాడు. ఎదురుగా సంచీ పట్టుకుని నిలబడ్డ యాభై రెండేళ్ళ మనిషిని మాత్రం చూసేవాడు కాదు. తనకిది అలవాటైపోయిందని చూడామణి అందరితో అనేది. అది పచ్చి అబద్ధం.

ఇక సైన్సు కథలంటారా, వాటిల్లో ఆవిడకి పని బహు సుఖం. స్క్రిప్టు చూడక్కర్లేదు. భూమ్మీద ఉన్నంతసేపూ "ఏమండీ, ఇది ఎలా పనిచేస్తుందండీ?" అనాలి. రాకెట్ ఎక్కాక "నాకు భయంగా ఉంది" అనాలి. వేరే గ్రహం మీద దిగాక అరవాలి. అరుపుల్లో ఆవిడ దగ్గర మూడు రకాలు సిద్ధంగా ఉండేవి: ఒకటో నంబరు బల్లి అరుపు, రెండోది పాము అరుపు, మూడోది పరగ్రహం అరుపు. సౌండు ఇంజినీరు అద్దం అవతల నుంచి వేళ్ళు చూపించేవాడు. ఆవిడ ఆ నంబరు అరుపు అరిచేసి, ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకునేది.

అప్పుడప్పుడూ వ్యోమనౌకలో కంప్యూటరుకి కూడా గొంతిచ్చేది. కంప్యూటరంటే ఆవిడకి కాస్త మక్కువ. హీరో ఎంత గింజుకున్నా సరే, నింపాదిగా, చల్లగా, "మీ అభ్యర్థన తిరస్కరించబడినది" అనొచ్చు. ఇంట్లో మొగుడితో అనలేని మాట అది.

అలాంటి చూడామణికి ఒకరోజు త్రినేత్ర టీవీ నుంచి నిరుపమ ఫోన్ చేసింది. ఈ నిరుపమ భౌతికశాస్త్రం చదివి, ఆ చదువుకి తగ్గ ఉద్యోగం దొరక్క సీరియళ్ళు రాస్తున్న పిల్ల. "ఆకాశగంగ అవతలి గట్టు" అని కొత్త సీరియల్ రాసింది. అందులో పుష్పక-9 అనే నౌక, దానికి కామేశ్వరి అనే కెప్టెను.

"ఆవిడకి యాభై రెండేళ్ళు మేడమ్. మోకాళ్ళ నొప్పి. తోకచుక్క అడ్డొచ్చినా గొంతు పెంచదు."

"బావుందమ్మా. అరుపులు ఎన్ని, ఏ నంబరువి?"

"అరుపుల్లేవు మేడమ్. నాకు గొంతొక్కటే కాదు, మీరు కావాలి. మొహంతో సహా."

చూడామణి అక్కడే వంటింటి గట్టుకి ఆనుకుని నిలబడిపోయింది. కుక్కరు తొమ్మిది కూతలు కూసింది. ఆ పూట ఆ ఇంట్లో పప్పు మాడింది, ఎవరూ ఏమీ అనుకోలేదు.

నీలంరంగు కెప్టెన్ డ్రెస్సు కుట్టించారు. ఇరవై ఆరేళ్ళ సినిమా బతుకులో టైలరు ఆవిడ కొలతలు తీసుకోవడం అదే మొదలు. గొంతుకి కొలతలుండవు కదా. మచ్చుకి ఒక భాగం తీశారు. కుర్చీలో కూర్చుని చూడామణి రెండే మాటలు అంది, "కంగారు పడకండి, నేనున్నాను" అని. ఆ మాటకి లైట్లు పట్టుకున్న వాళ్ళు కూడా కంగారు మానేశారు. ఆవిడ ఇక ఆగలేక, అపార్టుమెంటులో లిఫ్టెక్కిన ప్రతివాళ్ళకీ ఒక్కొక్క అంతస్తు చొప్పున ఈ సంగతి చెప్పేసింది.

సరిగ్గా అప్పుడే మండలి నిద్రలేచింది.

దీని పూర్తి పేరు దృశ్యమాధ్యమ మహిళా ప్రాతినిధ్య మదింపు మండలి. అందులో ఏడుగురు సభ్యులు, ఏడుగురూ మగవాళ్ళే. మహిళా సభ్యుల కోసం మూడు ఖాళీలు ఉంచారు గాని, వాటికి కావలసిన అర్హత ఇదే మండలిలో పదేళ్ళ అనుభవం. అధ్యక్షుడు ఉప్పలూరి దశరథరామయ్య పశుగణన శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. ముప్ఫై ఏళ్ళు జిల్లాలన్నీ తిరిగి, ఒక్క దూడ తేడా రాకుండా గేదెల్ని లెక్కపెట్టాడు. లంచం తెలీదు, అబద్ధం తెలీదు. లెక్క తప్ప ఇంకేమీ తెలీదు.

సైన్సు సీరియళ్ళలో ఆడవాళ్ళు అరవడానికి తప్ప దేనికీ పనికిరావడం లేదని ఒక కాలేజీ ఆడపిల్లలు ఆయనకి ఉత్తరం రాశారు. ఆయన నిజంగానే బాధపడ్డాడు. బాధపడి, ఒక ఉత్తర్వు జారీ చేశాడు: "వైజ్ఞానిక కల్పనా ధారావాహికలందు నౌకాసిబ్బందిలో స్త్రీల సంఖ్య సగమునకు తగ్గరాదు."

ఇంతవరకూ బాగానే ఉంది. లెక్కపెట్టడంలో వచ్చింది చిక్కు. అంతరిక్షంలో అందరూ బోర్లించిన బిందెల్లాంటి శిరస్త్రాణాలు పెట్టుకుని తిరుగుతారాయె. ఏదో పాత సీరియల్ వేసుకుని చూసిన ఏడుగురు సభ్యులూ ఏడు సంఖ్యలు చెప్పారు. "పశువైతే చూడగానే చెప్పి ఉందును" అని దశరథరామయ్య నొచ్చుకుని, రెండు రోజులు ఆలోచించి, ఉత్తర్వుకి నిర్వచనం జోడించాడు: "స్త్రీ యనగా స్త్రీ స్వరముతో పలుకునది." ప్రకటనలకి చోటు చాలనప్పుడల్లా ఆడవాళ్ళ డైలాగులే కోసేస్తున్నారని ఎవరో చెప్పగా, ఏడో నిబంధన కూడా చేర్చాడు: "ఒకమారు రికార్డయిన స్త్రీ స్వరమునందు ఒక్క క్షణమైనను కత్తిరింపరాదు. స్వరము వినబడుచున్నంతసేపు దృశ్యమును యథాతథముగా ప్రసారము చేయవలెను."

ఆ ఏడో నిబంధనని అందరూ చదివి మర్చిపోయారు. గుర్తుపెట్టుకున్నది చూడామణి ఒక్కతే. మరి ఇరవై ఆరేళ్ళుగా కోతపడుతున్నది ఆవిడ గొంతే.

మచ్చు భాగాన్ని మండలికి చూపించే రోజు వచ్చింది. నౌకలో పదిమంది సిబ్బంది, అయిదుగురు ఆడవాళ్ళు, లెక్క సరిపోయింది. నిర్మాత సుగుణాకర్ ఊపిరి పీల్చుకుంటుండగా, తెరమీద నౌక కంప్యూటరు "ఇంధనం తగ్గుతోంది" అంది. దశరథరామయ్య కలం పైకెత్తాడు.

"ఆ పలికినది ఎవరు?"

"అది కంప్యూటరండీ. గొంతు మన చూడామణి గారిదే."

"స్వరదాత ఎవరన్నది అప్రస్తుతము. సదరు కంప్యూటరు స్త్రీ స్వరముతో పలికినది. కావున స్త్రీ. నమోదు చేయుడు."

నిరుపమ ఉండబట్టలేకపోయింది. "సార్, అది యంత్రం సార్!"

"అమ్మాయీ," అన్నాడాయన తీవ్రంగా, "ఒక స్త్రీని యంత్రమనుటను ఈ మండలి సహింపదు."

నిరుపమ స్క్రిప్టు మూసేసింది. సుగుణాకర్ మొహం మాత్రం చేటంత అయింది. ఎందుకంటే థండర్ స్టార్ త్రిశూల్ ఆ నెలలోనే ఖాళీ అయ్యాడు. వరసగా మూడు సినిమాలు పోయి, టీవీకైనా సరే అంటూ దిగివచ్చాడు గానీ, వస్తే కెప్టెన్‌గానే వస్తానన్నాడు. ఆయన కెప్టెనైతే కామేశ్వరి పోవాలి, కామేశ్వరి పోతే ఆడవాళ్ళు సగానికి తగ్గుతారు. ఇన్నాళ్ళూ ఆ ముడి విడక తలపట్టుకున్న సుగుణాకర్‌కి రొట్టె విరిగి నేతిలో పడ్డట్టయింది.

మర్నాటికల్లా పుష్పక-9లో తలుపు మాట్లాడింది. ఆ మర్నాటికి లిఫ్టు మాట్లాడింది. వారం తిరిగేసరికి మెట్లు, ఆక్సిజన్ సిలిండరు, చేతులు కడుక్కునే తొట్టి, రైస్ కుక్కరు, గోడ గడియారం, అన్నీ నోళ్ళు తెరిచాయి. అన్నిటిదీ ఆడ గొంతే. ఒక్కొక్కటీ ఒక్కొక్క స్త్రీగా మండలి పుస్తకంలోకి ఎక్కింది.

సుగుణాకర్ చూడామణిని పిలిచి కుర్చీ వేశాడు, కాఫీ తెప్పించాడు. కాఫీ చూడగానే ఆవిడకి సగం అర్థమైంది.

"అమ్మా, మీరు పెద్దవారు. ఇప్పటికే నౌకలో నూటికి తొంభైమంది ఆడవాళ్ళయిపోయారు. ఇంకా కెప్టెన్ కూడా ఆడమనిషే అంటే, మగవాళ్ళకి అన్యాయం కాదూ?"

"ఆ తొంభైమందీ ఎవరు బాబూ?"

"మీరేనమ్మా! అన్నిటికీ గొంతు మీదే. కెప్టెన్ అయితే ఒక్క వేషం. ఇప్పుడు మీకు నలభై వేషాలు. ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి?"

మొహం కావాలని ఆవిడకి గొంతుదాకా వచ్చింది. అన్ని గొంతులున్న మనిషికి ఆ ఒక్క మాటకి గొంతు రాలేదు. ఇంటికెళ్ళి నీలం డ్రెస్సు మడతపెట్టి బీరువా అడుగున పెట్టి, దాని మీద తలపెట్టి ఏడ్చింది. వేషం పోయినందుకు సగం, లిఫ్టులో అందరికీ చెప్పుకున్నందుకు సగం. నాలుగో అంతస్తు సుభద్రమ్మగారు "ఎప్పుడొస్తుందండీ మీ కెప్టెను?" అని అడిగితే, ఆవిడ ఆ పూట నుంచి లిఫ్టు మానేసి, ఆ మోకాళ్ళతోనే మెట్లెక్కడం మొదలెట్టింది.

షూటింగు మొదలైంది. సెట్టులో ఓ మూల అద్దాల గది, అందులో మైకు, దాని ముందు చూడామణి. పుష్పక-9 తలుపులన్నీ ప్లైవుడ్డువి. వెనకాల మనుషులు తాళ్ళు పట్టుకుని కూర్చునేవాళ్ళు. స్పీకరులో చూడామణి "తెరుచుకుంటున్నాను" అంటే లాగాలి, "మూసుకుంటున్నాను" అంటే వదలాలి. లిఫ్టు కూడా అంతే, కప్పీమీద తాడు. ఒకసారి డైరెక్టరు ఎవరినో "మూయవయ్యా!" అని కసిరితే తలుపు పడి త్రిశూల్ ముక్కు వాచింది. దాంతో తాళ్ళవాళ్ళకి గట్టి ఉత్తర్వు వెళ్ళింది: చూడామణి గారి గొంతు చెబితే తప్ప, సాక్షాత్తూ నిర్మాత చెప్పినా తాడు ముట్టుకోవద్దు.

ఇక మండలివారి తనిఖీలు. స్త్రీలు ఇంతమంది ఒకచోట పనిచేస్తున్నప్పుడు వారి గౌరవం చూడాలి కదా. మూడో భాగంలో త్రిశూల్ తన అలవాటు ప్రకారం తలుపుని కాలితో తన్ని లోపలికొచ్చాడు. సాయంత్రానికి నోటీసొచ్చింది: "విధి నిర్వహణలో నున్న మహిళా ఉద్యోగినిని పాదముతో తాడించినందులకు సంజాయిషీ." థండర్ స్టారంతటివాడు చేతులు జోడించి తలుపుకి క్షమాపణ చెప్పుకున్నాడు. అప్పట్నుంచి నౌకలో ఎవరు ఏది కావాలన్నా, "తలుపు గారూ, దయచేసి తెరుచుకుంటారా?" అనాల్సి వచ్చింది. ఉల్కలు మీద పడుతున్నా సరే, ఆ "గారూ" తగ్గడానికి వీల్లేదు.

స్త్రీల మీద కాళ్ళు పెట్టి నడవకూడదన్నారు కాబట్టి మెట్లు ఎక్కడం ఆగిపోయింది. తొట్టి చేస్తున్నది గౌరవప్రదమైన వృత్తి కాదన్నారు. దాన్ని జలవనరుల ముఖ్య అధికారిణిని చేశారు. రైస్ కుక్కరు వంటగదిలో ఉండడం చూసి దశరథరామయ్య మండిపడ్డాడు.

"ఈ కాలమందు కూడ స్త్రీని వంటింటికి పరిమితము చేయుదురా?"

కుక్కరుని ఇంజను గదికి మార్చారు. ఆ భాగంలో నౌక గురుగ్రహం మీద పడబోతుంటే, కుక్కరు మూడు కూతలు కూసి దారి మళ్ళించింది. సభ్యులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

స్త్రీల సంఖ్య ఇలా దినదినాభివృద్ధి చెందుతుండగా, అసలు ఆడవాళ్ళు ఒక్కొక్కరే నౌక దిగిపోయారు. డాక్టరు వేషం కట్టిన అమ్మాయి స్థానంలో మాట్లాడే థర్మామీటరు వచ్చింది. పైలట్ పోయి స్టీరింగొచ్చింది. ఇంజినీరు, నౌక ముందుగదిలో నిఘా చూసే అమ్మాయి, వాళ్ళూ పోయారు. తర్వాత త్రిశూల్ తన ఫ్రేములో ఇంకెవరూ ఉండకూడదంటే మగవాళ్ళూ పోయారు. చివరికి లెక్క తేలింది: సిబ్బంది నలభై ఇద్దరు, స్త్రీలు నలభై ఒక్కరు, పురుషుడు ఒక్కడు. తొంభై ఏడు పాయింట్ ఆరు శాతం.

నిరుపమ మండలి ఆఫీసుకి వెళ్ళి మొరపెట్టుకుంది. "సార్, నౌక మొత్తం గాలించినా ఒక్క ఆడమనిషి కనపడటం లేదు సార్!"

దశరథరామయ్య కళ్ళజోడు పెట్టుకుని నిర్వచనం మళ్ళీ చదివాడు. "కనబడుట ఇందులో లేదమ్మా" అన్నాడు జాలిగా.

ఆ సంవత్సరం "అంతరిక్ష నారీశక్తి పతకం" ఎవరికొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. సభ సెట్టు మీదే, నౌక లోపలే పెట్టారు. దాన్ని ప్రత్యేక భాగంగా ప్రసారం చేద్దామని సుగుణాకర్ నాలుగు కెమెరాలు బిగించాడు. బయట షామియానా కింద భోజనాలు: పులిహోర, గుత్తివంకాయ, బొబ్బట్లు. సభ అయ్యాక త్రిశూల్ పూలబుట్టతో లిఫ్టులో పైనుంచి దిగి, స్త్రీ జాతి మీద పూలు చల్లాలని ఏర్పాటు.

సిబ్బందిలో ప్రతి స్త్రీకీ ఒక శాలువా. శాలువా కప్పకపోతే అది సన్మానం ఎలా అవుతుంది? నలభై ఒక్క శాలువాలు తెప్పించి, బల్ల మీద గుట్టపోశారు. దశరథరామయ్య జాబితా విప్పాడు.

"ప్రథమముగా, తలుపు." ఆగి గుమాస్తా వైపు తిరిగాడు. "కుమారియా, శ్రీమతియా?"

"రెండు రెక్కల తలుపండి."

"శ్రీమతి తలుపు గారు వేదికపైకి రావలసినదిగా కోరుచున్నాము."

ఎవరూ రాలేదు. దశరథరామయ్య ఎదురుచూశాడు. ఆయన ఓపికమంతుడు, గేదెలు కూడా పిలవగానే రావు. సుగుణాకర్ పరిగెత్తుకెళ్ళి అద్దాల గదిలోంచి చూడామణిని చెయ్యి పట్టి తీసుకొచ్చి నిలబెట్టాడు. "వాళ్ళందరికీ ప్రతినిధి ఈవిడేనండి!"

"ప్రతినిధియా? శుభము. మండలి పనియే ప్రాతినిధ్యము" అని ఆయన మొదటి శాలువా కప్పాడు. తరవాత లిఫ్టు గారిది. తరవాత జలవనరుల ముఖ్య అధికారిణిది. ఒక్కొక్క శాలువాకీ ఒక్కొక్క సభ్యుడు, ఒక్కొక్క ఫొటో, చప్పట్లు. పది దాటేసరికి చూడామణికి చెమట పట్టింది. ఇరవై దాటేసరికి చేతులు కదల్లేదు. ముప్ఫై మూడోది కప్పడానికి భుజాల మీద చోటు లేక నెత్తిమీద వేశారు. నలభై ఒకటోది, కుక్కరు గారిది, పడేసరికి వేదిక మీద మనిషి లేదు, చాకిరేవుకి కట్టిన మూట ఉంది.

ఫొటోగ్రాఫరు కెమెరా దించాడు. "సార్, మేడమ్ మొహం కనపట్టం లేదు."

"శాలువాలు లెక్కకు వచ్చుచున్నవా?"

"వస్తున్నాయి సార్."

"చాలును."

లోపల చీకటి. కలరా ఉండల వాసన. ఊపిరాడని ఆ ఉక్కలో చూడామణికి మొదట ఏడుపొచ్చింది. తర్వాత, ఇరవై ఆరేళ్ళలో మొదటిసారిగా, ఒళ్ళు మండేంత కోపమొచ్చింది. ఈలోగా ఎవరో మూట ముందు మైకు పెట్టారు. "సన్మానగ్రహీతలు తమ స్పందన తెలుపవలసినది" అంటున్నాడు దశరథరామయ్య. నాలుగు కెమెరాలూ తిరుగుతున్నాయి. మైకు పనిచేస్తోంది. రికార్డవుతోంది. ఆవిడకి ఏడో నిబంధన గుర్తొచ్చింది.

"మూసుకుంటున్నాను," అంది మూట, తలుపు గొంతుతో.

వెనకాల తాళ్ళవాళ్ళు టక్కున వదిలారు. ముఖద్వారం ధనామని పడింది. పులిహోర వాసన ఆగిపోయింది.

"దిగుతున్నాను," అంది మూట, లిఫ్టు గొంతుతో. పైనుంచి త్రిశూల్ పూలబుట్టతో చిరునవ్వు చిందిస్తూ బయల్దేరాడు. సగం దారికి వచ్చేసరికి, "ఇక్కడ ఆగుతున్నాను" అంది. లిఫ్టు ఆగింది. కింద ఇరవై అడుగుల ఖాళీ. త్రిశూల్ కిందికి చూశాడు, బుట్ట వదిలేశాడు, అరిచాడు. అది మూడో నంబరు, పరగ్రహం అరుపు. అంత స్వచ్ఛంగా చూడామణి కూడా ఎన్నడూ అరవలేదు.

"ద్వారము తెరువుడు!" అని గర్జించాడు దశరథరామయ్య.

"మీ అభ్యర్థన తిరస్కరించబడినది," అంది మూట, ఎంతో మర్యాదగా.

"ఒరేయ్, తాళ్ళు లాగండ్రా!" అని సుగుణాకర్ వెనక్కి పరిగెత్తాడు.

"చూడామణమ్మ గారు చెప్పాలండీ," అన్నాయి గోడ అవతలి గొంతులు. "మీరు చెప్పినా ముట్టుకోవద్దని మీరే చెప్పారండీ."

సభ్యులు గోలపెట్టడం మొదలెట్టారు. భోజనం వేళ, పైగా ఇద్దరికి షుగరు. సుగుణాకర్ దిక్కుతోచక తల పైకెత్తాడు. "త్రిశూల్ బాబూ, కెప్టెన్ మీరేగా! ఏదో ఒకటి చెయ్యండి!"

"నాకు డైలాగేదీ?" అని ఏడుపు గొంతుతో అన్నాడు త్రిశూల్ కడ్డీని కావిలించుకుని.

"ఊఁ," అంది మూట మైకులో.

"ఎత్తంటే నాకు చచ్చేంత భయమండీ!"

"ఊఁ."

అప్పుడు నిరుపమకి సంగతి అర్థమైంది. చిన్నపిల్లలు కథ చెప్పించుకుంటూ ఊఁ కొట్టినట్టు, ఆవిడ ఒక్క క్షణం కూడా ఖాళీ లేకుండా ఊఁ కొడుతోంది. ఆడ గొంతు వినబడినంతసేపూ బొమ్మ కొయ్యడానికి వీల్లేదు! ఆ పిల్ల నవ్వాపుకోలేక, కెమెరా వాళ్ళకి ఆపొద్దని రెండు చేతులూ ఊపింది.

"నేను కెప్టెన్ని కాదు బాబోయ్!" అని కేక పెట్టాడు త్రిశూల్. "ఆ వేషం మొదట ఆవిడదే! కెప్టెన్ గారూ! కామేశ్వరి గారూ! నన్ను దించండమ్మా!"

"ఊఁ, ఊఁ. ఎవరిని పిలుస్తున్నారు? సరిగ్గా వినపళ్ళేదు."

"కెప్టెన్ గారూ!"

మూట కదిలింది. కుక్కరు గారి శాలువా జారి కింద పడింది. తర్వాత గడియారానిది, మెట్లది. చూడామణి ఒళ్ళు విదిల్చి, చేతులు బయటికి తీసి, దొరికినదాన్ని దొరికినట్టు లాగి ఎదురుగా ఉన్నవాళ్ళ మీద వేసింది. అధ్యక్షుడి మీద ఆరు పడ్డాయి. అన్నిటి అడుగునించీ ఆవిడ మొహం బయటపడింది. జుట్టు రేగిపోయి, కళ్ళజోడు ఒక చెవికి వేలాడుతూ, బొట్టు చెమటకి కారి ముక్కుదాకా వచ్చింది. నాలుగు కెమెరాలూ అటు తిరిగాయి. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, మోకాలు పట్టుకుని రెండు మెట్లెక్కి, కెప్టెన్ కుర్చీలో కూర్చుంది.

"పుష్పక-9 కెప్టెన్ కామేశ్వరిని మాట్లాడుతున్నాను," అంది తన సొంత గొంతుతో. "ఎవరూ కంగారు పడకండి, నేనున్నాను. ఈ నౌకలో నలభై ఒక్కమంది ఆడవాళ్ళున్నారని విన్నాను. చాలా సంతోషం. ఒక్కళ్ళ మొహమైనా చూద్దామని పొద్దుట్నుంచీ వెతుకుతున్నాను, కనపళ్ళేదు. ఇది నా మొహం. బావుందో లేదో నాకు తెలీదు, ఇన్నాళ్ళూ ఎవరూ చూళ్ళేదు కనక చెప్పలేదు. నాయనా తాళ్ళవాళ్ళూ, ముందు లిఫ్టు దించండి, ఆ అబ్బాయి పడిపోయేట్టున్నాడు. తర్వాత తలుపు తీయండి. పెద్దవాళ్ళు ఆకలి మీదున్నారు."

లిఫ్టు దిగింది. తలుపు తెరుచుకుంది. ఎవరూ భోజనానికి పరిగెత్తలేదు. ఒక్క క్షణం అందరూ ఆ కుర్చీ వైపే చూస్తూ ఉండిపోయారు. తర్వాత పరిగెత్తారు.

ఆ భాగమంతా కత్తిరించమని సుగుణాకర్ ఎడిటర్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. విషయం మండలికెళ్ళింది. ఊఁ కొట్టుట స్వరమగునా, కాదా అని ఏడుగురూ మూడు గంటలు చర్చించారు. అందరూ కాదందామన్నారు గానీ దశరథరామయ్య ఒప్పుకోలేదు. "అధ్యక్షుని నెత్తిన ఆరు శాలువాలు పడినందున నిబంధన మారదు. ఊఁ స్వరమే" అన్నాడు. ఆ ఒక్కందుకు ఆయనకి దణ్ణం పెట్టాలి.

కాబట్టి రాష్ట్రమంతా అది కోత లేకుండా చూసింది. చూసి, మర్నాడు కెప్టెన్ ఎక్కడ అని అడిగింది. త్రిశూల్ లిఫ్టున్న సెట్టులో ఇక అడుగు పెట్టనన్నాడు. నీలం డ్రెస్సు బీరువా అడుగునుంచి బయటికొచ్చింది. నిరుపమ పట్టుబట్టి డాక్టర్నీ, పైలట్‌నీ, మిగతా ఇద్దర్నీ వెనక్కి తెచ్చుకుంది. మగవాళ్ళు అయిదుగురూ తిరిగొచ్చారు. యంత్రాలు నోరు మూసుకుని పనిచేసుకుంటున్నాయి. మొన్న రైతుబజారులో బెండకాయల కొట్టువాడు చూడామణిని చూసి, ఆవిడ ఇంకా నోరు తెరవకముందే లేచి నిలబడి, "కెప్టెన్ గారూ, ఇవి లేతవండీ" అన్నాడు. ముదురువి ఇచ్చినా ఆవిడ కొనేసేది.

రెండు వారాలకి మండలి నుంచి నోటీసొచ్చింది. పుష్పక-9 నందు స్త్రీల సంఖ్య నలభై ఒకటి నుండి అయిదునకు పడిపోయినట్లు, ఇది మిక్కిలి ఆందోళనకరమైనట్లు, కారణములు తెలుపవలసినట్లు. జవాబు వెళ్ళకపోయేసరికి దశరథరామయ్య స్వయంగా ఫోన్ చేశాడు. చూడామణి మేకప్ కుర్చీలో ఉంది, షాట్‌కి పిలుస్తున్నారు.

"తక్షణమే సదరు ముప్ఫై ఆరుగురు స్త్రీలను తిరిగి విధులలోనికి తీసుకొనవలసినది!"

చూడామణి అద్దంలో తన మొహం చూసుకుంది. బొట్టు సర్దుకుంది. నింపాదిగా, చల్లగా అంది:

"మీ అభ్యర్థన తిరస్కరించబడినది."

అవతల కలం మూత తీసిన చప్పుడు.

"ఫోను," అంటున్నాడు దశరథరామయ్య గుమాస్తాతో. "స్త్రీ. నమోదు చేయుడు."